కినుయో వంతు

తొమ్మిదో బస్సు చక్రాలకు పట్టిన ఎర్రమడ్డి ఒక పట్టాన వదలలేదు. నాగఓకాలో మంచు కరగడానికి రోడ్డు మధ్య గొట్టాల్లోంచి నీళ్లు చిమ్ముతారు. ఆ నీళ్లలో ఇనుమెక్కువ. చలికాలమంతా ఊరి రోడ్లూ బస్సుల పొట్టలూ తుప్పురంగులో ఉంటాయి. ఆ రంగు కడగడం సెయికిచి ఉద్యోగం. ముప్పై ఒక్క ఏళ్లుగా కడుగుతున్నాడు, తెల్లారేసరికి మళ్లీ పట్టుకుంటోంది.

యాభై ఆరేళ్ల పొట్టి మనిషి. రబ్బరు బూట్లకు సైకిలు ట్యూబు అతుకులు. వేళ్ల కణుపుల దగ్గర చర్మం చిట్లి, అందులో మందు తెల్లగా పేరుకుపోయి ఉంది. బ్రష్ పట్టి పట్టి ఎడమ భుజం కుడిదానికంటే కాస్త కిందికి జారింది. ఆ భుజం పొద్దున్నుంచీ ఒకటే లాగుతోంది.

డిపోలో కడిగేవాళ్ల మీద అజమాయిషీ హోన్మాది. సెయికిచి కంటే పదేళ్లు చిన్న. చేతిలో గడియారం పట్టుకుని వచ్చాడు.

"సెయికిచి గారూ, ఇంకా తొమ్మిదోదేనా? ఏడూ ఇరవైకి బయల్దేరాలది. బస్సు కడుగుతున్నారా, పెళ్లికూతుర్ని ముస్తాబు చేస్తున్నారా?"

"అయిపోయిందండీ."

"మొహమేంటి అలా బూడిదలా ఉంది? డాక్టరుకు చూపించుకోండి. వచ్చే నెల నాకు మనుషులు అసలే తక్కువ."

సెయికిచి తలూపి పదో బస్సు దగ్గరికి నడిచాడు. హోన్మా చెడ్డవాడు కాదు, అతన్నీ పైనుంచి ఎవరో తరుముతూనే ఉంటారు. అయినా సెయికిచి తన పగ ఎప్పుడో తీర్చుకున్నాడు. ఇంట్లో ఉన్న వీడియో ఆటలో నలుగురు వీరుల బృందం రాక్షసరాజును వెతుక్కుంటూ నడుస్తుంది. ఆ నలుగురికీ మనమే పేర్లు పెట్టుకోవాలి. అందరికంటే ముందు నడిచి మొదటి దెబ్బ తినేవాడికి సెయికిచి పెట్టిన పేరు హోన్మా. వాడి వెనక సెయికిచి, అతని వెనక గాయాలు మాన్పే కినుయో, చివర మంత్రాలు వేసే కురో. కినుయో అతని భార్య. కురో చచ్చిపోయిన పిల్లి.

ఆ ఆట డిపోవాళ్ల ఏడాది చివరి విందులో, బింగోలో వచ్చింది. అన్నం కుక్కరు మీద ఆశపడితే ఈ పెట్టె తగిలింది. మొదట్లో ఇద్దరూ సిగ్గుపడ్డారు, ఈ వయసులో ఇదేమిటని. ఆరేళ్లు గడిచాయి. మధ్యలో ఒకసారి మొత్తం పోయింది. ఆపేటప్పుడు రీసెట్ మీట వేలితో నొక్కిపట్టి, అప్పుడు కరెంటు మీట దించాలి. లేకపోతే క్యాసెట్లో దాచిందంతా చెరిగిపోతుంది. ఒకరోజు సెయికిచి అలసటలో ఉత్త మీట దించేశాడు. ఎనిమిది నెలల ప్రయాణం ఎగిరిపోయింది. చాప మీద నుదురు ఆనించి భార్యకు క్షమాపణ చెప్పుకున్నాడు. కినుయో రెండు రోజులు పలకలేదు. మూడోరోజు భోజనాల దగ్గర, "మొదటి ఊళ్లో ఆ ముసలాయన ఎలా ఉన్నాడో చూసొద్దాం పదండి," అంది. ఆ రోజే పెట్టె మీద పట్టీ అతికించి 'ముందు రీసెట్' అని రాశాడు.

ఒంటిగంటన్నరకు పని దిగి, బస్సులో ఇంటికొచ్చాడు. మెట్లెక్కుతూ రెండుసార్లు ఆగాడు. కినుయో డబ్బా భోజనాల ఫ్యాక్టరీలో ఉంటుంది, పదకొండు నుంచి ఏడు దాకా. అతనికి ఆదివారం సెలవు, ఆమెకు బుధవారం. కాబట్టి ఆట పొద్దున ఆమెది, మధ్యాహ్నం అతనిది. ఆఖరి కోటలోకి మాత్రం ఇద్దరూ పక్కపక్కన కూర్చునే వెళ్లాలని ఒప్పందం. దానికోసం వచ్చే సోమవారం ఇద్దరూ సెలవు పెట్టారు. పెళ్లయ్యాక ఇద్దరూ ఒకేరోజు సెలవు పెట్టడం, చావులకు తప్పిస్తే, ఇదే మొదలు.

పెట్టె కింద రోజూలాగే చీటీ ఉంది. 'హోన్మా గారు మళ్లీ చచ్చారు. చర్చికి తీసుకెళ్లి బతికించాను. ఒక్కరోజైనా వెనక నడిపించండి, పాపం.'

సెయికిచి గట్టిగానే నవ్వాడు. నవ్వితే భుజం కలుక్కుమంది. దుప్పటి కప్పిన వేడిబల్ల కింద కాళ్లు చాపుకుని, టీ పోసుకుని, నారింజ ఒకటి ముందు పెట్టుకుని ఆట మొదలెట్టాడు.

కినుయో పొద్దున పూట యుద్ధాలు చేయదు. ఊళ్లు తిరిగి అందరినీ పలకరించి వస్తుంది. వాళ్లు ఎప్పుడూ చెప్పే మాటే చెబుతారు, అదే ఆమెకు ఇష్టం. అందుకే ఆటలో కినుయో లెవెల్ ఇరవై తొమ్మిది దగ్గర ఆగిపోయింది. ముప్పైకి వస్తే అందరి గాయాలూ ఒకేసారి మాన్పే మంత్రం వస్తుంది. అది లేకుండా కోటలోకి వెళ్తే ముందు చచ్చేది కినుయోనే. సోమవారంలోగా ఆమెకా మంత్రం రావాలని వారం రోజులుగా చెప్పకుండా కష్టపడుతున్నాడు. కోట బయట మైదానంలో అటూ ఇటూ నడవడం, ఎదురైనవాణ్ణి కొట్టడం, మళ్లీ నడవడం. బస్సులు కడగడం లాంటిదే. కాకపోతే ముప్పై ఒక్క ఏళ్లలో డిపోలో ఎవరూ సెయికిచి ఒక మెట్టు ఎక్కాడని బాకా ఊదలేదు. ఇక్కడ ఊదుతారు.

ఇంకో సుఖం కూడా ఉంది. ఇక్కడ ఎవరూ తరమరు. ఎంతటి రాక్షసుడైనా నువ్వు నలుగురికీ ఆజ్ఞలు ఇచ్చేదాకా చెయ్యెత్తడు. టీ తాగొచ్చు, నారింజ ఒలుచుకోవచ్చు, వాడు నిలబడే ఉంటాడు.

నాలుగు కావస్తుండగా రాతి భూతం ఎదురైంది. హోన్మా చేత దాడి చేయించాడు. తనకూ దాడే చెప్పాడు. బాణం గుర్తు కినుయో పేరు మీదకొచ్చి ఆగింది. భుజంలో నొప్పి దవడ దాకా పాకింది. ఒళ్లంతా చెమట పట్టింది. సెయికిచి కంట్రోలరు మెల్లగా చాప మీద పెట్టి, తల బల్లకు ఆనించాడు. కాసేపే. వాడెక్కడికీ పోడు.

ఏడూ ఇరవైకి కినుయో తలుపు తీసింది. యుద్ధం పాట తిరిగిందే తిరుగుతోంది.

"ఏమండీ, ఇంకా అన్నమైనా పెట్టలేదా? పొద్దుగూకులూ అదే ఆటా..."

సగం ఒలిచిన నారింజ అతని చేతి పక్కన ఎండిపోతోంది.

అంబులెన్సువాళ్లు వచ్చారు, డాక్టరు మూడు గంటల పైనే అయిందన్నాడు, బంధువులు దిగారు. శుక్రవారానికి సెయికిచి అస్థికలై, తెల్లగుడ్డ చుట్టిన పెట్టెలో, ఫోటో పక్కన కూర్చున్నాడు. ఆట మాత్రం మంగళవారం నుంచి అలాగే నడుస్తోంది. ఆఖరి మధ్యాహ్నం అతను దాచుకోలేదు, యుద్ధం మధ్యలో దాచడం కుదరదు. ఇప్పుడు ఆపితే ఆ నడకంతా పోతుంది. కినుయో పాట గొంతు తగ్గించిందే తప్ప మీట ముట్టుకోలేదు, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

సెయికిచి అక్క యోషినో ఇక ఊరుకోలేకపోయింది. "చావింట్లో ఇదేం గోలే, కినుయో! నలుగురూ ఏమనుకుంటారు?" అంటూ మీట మీద చెయ్యి వేసింది.

"వదినా!" కినుయో ఆమె మణికట్టు పట్టేసుకుంది. "నీకు దండం పెడతా. అది ఆయన పని. సగంలో ఉంది."

అప్పుడే హోన్మా నల్ల టై కట్టుకుని వచ్చాడు. అగరొత్తి వెలిగించి, ఫోటో ముందు చాలాసేపు తల వంచి లేచాడు. లేస్తూ టీవీ వైపు చూశాడు.

"అందులో హోన్మా అని ఉందేంటండీ? నేనేనా?"

"మీరేనండి."

"మరి నన్ను అందరికంటే ముందు నిలబెట్టారే?"

"దెబ్బలు తినడానికి," అంది కినుయో. అబద్ధం చెప్పే ఓపిక లేదు.

హోన్మా నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది. "ఆ పొద్దునే ఇంటికి పంపించాల్సింది," అన్నాడు. "మొహం బూడిదలా ఉంది. చూశాను కూడా. చూసి, బస్సు గురించే మాట్లాడాను."

కినుయో కంట్రోలరు చేతిలోకి తీసుకుంది. బాణం గుర్తు మూడు రోజులుగా తన పేరు మీదే ఆగి ఉంది. దాడి నొక్కింది. కురోకు కూడా అదే చెప్పింది. రాతి భూతం చెయ్యెత్తింది, హోన్మా కూలిపోయాడు.

"అయ్యో, చచ్చానే!"

"ఏం ఫర్వాలేదండీ. చర్చి ఉంది."

సెయికిచి మంగళవారం ఇచ్చుకున్న ఆజ్ఞ ఇప్పుడు నెరవేరింది. కత్తి దిగింది, రాతి భూతం మాయమైంది. బాకా మోగింది. కినుయోకు ముప్పయ్యో లెవెల్ వచ్చిందనీ, అందరి గాయాలూ మాన్పే మంత్రం నేర్చుకుందనీ అక్షరాలు ఒక్కొక్కటిగా తెర మీద పడ్డాయి.

వారం రోజులుగా టీ తాగిన కప్పైనా కడగకుండా ఆయన ఏం చేస్తున్నాడో కినుయోకు తెలిసింది. నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, యోషినో వచ్చి వీపు నిమిరేదాకా ఏడ్చింది.

తర్వాత నలుగురినీ నడిపించుకుంటూ ఊళ్లోకి వెళ్లింది. చర్చిలో పూజారి ఎవరిని బతికించాలని అడిగాడు. చనిపోయినవాళ్ల పట్టీలో హోన్మా పేరొక్కటే ఉంది. కినుయో ఆ పట్టీని కిందిదాకా చూసింది. సెయికిచి బతికే ఉన్నాడు.

హోన్మాను బతికించింది. ఆట దాచింది. బొటనవేలితో రీసెట్ నొక్కిపట్టి, మీట దించింది. మూడు రోజుల తర్వాత ఇంట్లో కెటిల్ చప్పుడు వినబడింది.

సోమవారం సెలవు ఆమె రద్దు చేసుకోలేదు. పొద్దున్నే చాప మీద కూర్చునే దిండ్లు రెండు పక్కపక్కన వేసింది. ఆ ఆటలో ఒక్క కంట్రోలరే పనిచేస్తుంది. రెండోది ఎవరి చేతిలో ఉంటే వాళ్లు ఊరికే తోడుగా నొక్కుతూ కూర్చోవాలని ఇద్దరూ ఎప్పుడో అనుకున్నారు. ఆ రెండో కంట్రోలరు, వైరు చిక్కు తీసి ఉంది, సెయికిచి దిండు మీద.