ముల్లంగి పీపాలో బూర

పొద్దున్న ఆఫీసుకి రాగానే మిజుహో చేసే మొదటి పని కిటికీ తెరిచి నిన్నటి తప్పు శబ్దాలను బయటికి తోలడం. ఒసాకాలో వీడియో ఆటలు చేసే ఆ మూడో అంతస్తులో, ఆటకి పనికిరాదని పక్కన పెట్టిన శబ్దం ఓ పట్టాన చావదు. ఫ్యాను రెక్క మీదో బీరువా మీదో కూర్చుని సన్నగా మోగుతూనే ఉంటుంది. ఊడ్చే మనిషి వాటిని చీపురుతో అదిలించేది. దీని గురించి ఎవరూ మాట్లాడుకునేవారు కాదు. వానాకాలంలో గోడకి బూజు పడితే మాట్లాడుకుంటామా?

ఆ ఏడాది ఆట అరచేతిలో పట్టే చిన్న యంత్రానికి. అందులో ఓ నక్క బూర ఊదుతూ వీధివీధీ తిరిగి టోఫూ, అంటే సోయా పన్నీరు, అమ్ముతుంది. ఆ యంత్రానికి శబ్దమంటే ముప్పై రెండు మెట్లు, అంతే. ఒక్కో మెట్టు ఎత్తు పదిహేను గళ్లు దాటకూడదు. మిజుహో గళ్ల కాగితం మీద పెన్సిలుతో మెట్లు గీసి, వాటి అంకెలు ఎక్కించి వింటుంది. మూడు నెలల్లో రెండు వందల కాగితాలయ్యాయి. అన్నీ గుండ్రంగా, నున్నగా, ముచ్చటగా గీసినవే.

"బకెట్లో పడ్డ దోమలా ఉంది," అన్నాడు మేనేజరు నాగసాకో.

"ఈ యంత్రంలో ఇంతకన్నా రాదండీ."

"ఆడలేక మద్దెల ఓడందట! శుక్రవారం దాకా చూస్తాను. తర్వాత నీ కుర్చీ టోక్యో నుంచి వచ్చే మనిషిది. నువ్వు కింద కూర్చుని ఆట పెట్టెల్లో పుస్తకాలు సర్దుకో."

"అలాగేనండీ," అంది మిజుహో. అనగానే తన మీద తనకే అసహ్యం వేసింది. ఆరేళ్లలో ఆయనకి ఇంకో జవాబు చెప్పి ఎరగదు.

శుక్రవారం మధ్యాహ్నానికి ఇంకో పద్నాలుగు కాగితాలు బుట్టలోకి పోయాయి. గోరుచుట్టు మీద రోకటిపోటులా, కింద ఊరగాయల కొట్టు ఒతోయో అవ్వ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. ఆమె దోసిట్లో తవుడు కారుతున్న శబ్దం ఒకటి ఉంది.

"మీ కిటికీలోంచి పడిందేనమ్మా. జూన్‌లో తవుడేసి ముల్లంగి ఊరేసినప్పుడు పీపాలో దూరినట్టుంది. ఇవాళ పీపా మీద బరువుకి పెట్టిన రాయి ఎత్తితే కొట్టంతా ఒకటే మోత! నీ సొత్తు నువ్వు తీసుకో."

మిజుహో గుర్తుపట్టింది. తను గీసిన మొట్టమొదటి బూర అది. తవుడు కడిగి గళ్ల కాగితం మీద పరిచింది. మూడు నెలలు పీపా రాయి కింద నలిగి, దాని గుండ్రటి మూపులన్నీ అణిగి బల్లపరుపుగా అయ్యాయి. అంచులు కత్తితో కోసినట్టున్నాయి. ఒక్కో మెట్టూ లెక్కపెట్టి అంకెలు ఎక్కించి, మీట నొక్కింది.

బూర మోగింది. కాస్త బొంగురుగా, సందు చివర నుంచి వస్తున్నట్టు. ఎదురింటి ఆవిడ గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి టోఫూ అమ్మేవాడి కోసం అటూ ఇటూ చూసింది.

మిజుహోకి సంతోషం కలగలేదు, ఏడుపొచ్చింది. ఇంత కష్టమూ ఓ ఊరగాయ రాయి ముందు దిగదుడుపైపోయింది.

నాగసాకో పరుగున వచ్చాడు. "ఇదీ! బూరంటే ఇదీ! ఎవరు చేశారు?"

"నేనే. జూన్‌లో మీరు అవతల పారేయమన్నది."

ఆయన ఆ మాట విననట్టే మీట ఇంకోసారి నొక్కాడు. తర్వాత, "సరే, ఇలాంటివే ఇంకో తొమ్మిది కావాలి. సోమవారానికి," అన్నాడు.

"మూడు నెలలు పడుతుంది," అంది మిజుహో.

"ఏమిటీ?"

"రాయి కింద ఉండాలి. మూడు నెలలు."

"చలికాలం వస్తోంది కదా, నాలుగనుకో," అంది ఒతోయో అవ్వ. "ఊరేదాన్ని తొందరపెడితే కుళ్లుతుంది నాయనా."

నాగసాకో ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. టోక్యో మనిషికి ఫోను చేసి రావద్దన్నాడు. ఆట వసంతంలోగా రాదని పైవాళ్లకి చెప్పి పది నిమిషాలు తిట్లు తిన్నాడు. ఫోను పెట్టేసి, మిజుహో కుర్చీ పక్కకి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పీపాలు ఎన్ని కావాలండీ మీకు?" అని అడిగాడు.