దూడది కాదు, ఈగదే

బ్రిస్బేన్‌లోని మా ల్యాబ్‌లో ఒక ఆచారముంది. ఎవరి అనుమానం తప్పని తేలితే వాళ్ళు అందరికీ, సాస్ వేసుకుని తినే మాంసం కూరిన పైలు కొనిపెట్టాలి.

పళ్ళ ఈగ కణాలు తయారుచేసిన ప్రొటీన్ మీద, పెద్ద జంతువుల్లోనే తప్ప ఈగల్లో ఉండదనుకునే చక్కెర ఒకటి నాకు కనిపించింది. గంతులేస్తూ వెళ్ళి మా ల్యాబ్ పెద్ద నెవిల్‌కి చూపించాను.

“ఎగిరింది చాల్లే, బ్రియోనీ! ఆ కణాల్ని దూడ రక్తంలోంచి తీసిన సీరం పోసి పెంచావుగా? ఆ చక్కెర దూడదే,” అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మాట నిజమే కావచ్చని తోచేసరికి ఇంకా మండింది.

చంటిపిల్లకి పాలు మాన్పించినట్టు, కొంచెం కొంచెంగా తగ్గిస్తూ కణాలకి సీరం పూర్తిగా మాన్పించాను. సగం చచ్చాయి. బతికినవాటి ప్రొటీన్‌ని మళ్ళీ పరీక్షించాను. తెరమీద ఆ చక్కెర జాడగా సన్నటి నల్లగీత! పక్క వరుసలో ఆ చక్కెరను కత్తిరించే ఎంజైమ్ కలిపాను, అక్కడ గీత మాయం!

“నెవిల్! రండి, ఇందులో దూడెక్కడుందో చూపించండి!” అని కేకేశాను.

ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని చాలాసేపు తెరకేసి చూశాడు. కారు తాళాలు తీసుకుని తలుపుదాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

“సాస్ ఎవరెవరికి కావాలి?”