ముగ్గు మీద బోరు పాయింట్

పెళ్లయిన డెబ్బై రెండో రోజు సాయంత్రం మా ఆయన నా రవిక ఒకటి చేతిలో పట్టుకొని సైన్సు చెప్పాడు.

సరసం కాదు, నిజంగా పాఠమే. ఆయన పేరు హర్ష. జమ్మలమడుగులో ఒక కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. సాయంత్రాలు కూర్చొని పీహెచ్‌డీ రాసుకుంటాడు. సైన్సు పద్ధతిలో రాడికల్ కన్‌స్ట్రక్టివిజం అనే సిద్ధాంతానికి ఎంత చోటుందో తేల్చడం ఆయన పని. నేను ప్రొద్దుటూరు పిల్లను, బీఎస్సీ కెమిస్ట్రీ. ఆ పేరు మొదటిసారి విన్నప్పుడు అపార్ట్‌మెంట్లు కట్టేవాళ్ల సంగతేమో అనుకున్నాను.

“ఈ రవిక మీ ప్రొద్దుటూరు టైలరు ఒగ రకంగా కత్తిరిచ్చినాడు. ఆ పచ్చది ఈడి టైలరు ఇంగో రకంగా కత్తిరిచ్చినాడు. రెండూ నీకు సరిపోయినాయి. అంటే నీ ఒళ్లు ఉండేది ఉన్నట్టు వాళ్లకు తెలిసిపోయిందనా?”

“తెలీకుంటేనే మేలు గదా సారూ” అన్నాను.

“తమాషా గాదు. మన చదువంతా ఇంతే. లోకం నిజంగా ఎట్లుంటాదో మనకు తెల్దు. మనం ఒగ రవిక కుట్టి దానికి తొడుగుతాం. పిగిలిందనుకో, లోకం ‘కాదు’ అన్నట్టు. పిగలకుంటే ‘అవును’ అన్నట్టు కాదు. ఊరికే గమ్మునుండాదని అర్థం.”

సిద్ధాంతం కంటే, చెబుతున్నప్పుడు ఎగిరే ఆయన కనుబొమ్మలు నాకు బాగా నచ్చాయి. మళ్లీ ఒకసారి చెప్పమన్నాను. పాపం, మొదటి నుంచి చెప్పాడు. సగంలో ఉండగా మా అత్త రామేశ్వరమ్మ ఫోను.

“రేయ్ హర్షా, మూడో బోరు గూడా దుమ్మే లేసిందిరా. మీ నాయన అన్నం తినల్యా. ఎల్లుండి ఇంగో బోరు యేపిస్తాడంట. అది గూడా పోతే చీనీచెట్లు కొట్టేపిస్తాడంట. మీరు రండి.”

మా అత్తగారి ఊరు సింహాద్రిపురం దగ్గర. రెండెకరాల చీనీతోట, అంటే బత్తాయి; పన్నెండేళ్ల చెట్లు, కొమ్మకొమ్మకూ కాయ. పదిహేను రోజుల్లో నీళ్లు పడకపోతే కాయలు రాలిపోతాయి, ఆ వెనక చెట్లూ పోతాయి. పెళ్లయిన మూడో రోజు మా మామ ఎర్రన్న నన్ను ఆ తోటంతా తిప్పి, ఒక్కో చెట్టునూ చుట్టాన్ని చూపించినట్టు చూపించాడు. వర్షిత అనే నా పేరు చూసే ఆయన సంబంధం ఖాయం చేశాడని మా అత్త చెప్పింది. అందుకని ఆ తోట విషయంలో నాకు కొంత పూచీ ఉన్నట్టే అనిపించేది.

మరునాడు బస్సులో పులివెందుల వెళ్లి, అక్కడ భూమిలో నీళ్లు చూసే మిషన్ ఉన్న అమీర్ బాషాను కలిశాం. ఆయన జీపులో మాకు ముందు సీటు ఇచ్చాడు. ఇద్దరం ఒక సీట్లో ఇరుక్కొని కూర్చున్నాం కాబట్టి ప్రయాణం నాకు ఏ లోటూ చేయలేదు.

“రామాంజులు టెంకాయ పట్టుకోని నడిచిపోయినాడా సార్?” అన్నాడు బాషా.

“లేదు, ఈ పొద్దే వస్తాడంట” అన్నాడు మా ఆయన.

బాషా ముఖం చిన్నబోయింది. “ఆయప్ప గుర్తు పెట్టింటే ఆడనే మిషన్ పెడుతుంటి. పని సులువు.”

ఊళ్లో దిగేసరికి రామాంజులు మా అత్తవాళ్ల అరుగు మీద కూర్చొని ఉన్నాడు. అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకొని పొలంలో నడిస్తే, నీళ్లున్న చోట అది లేచి నిలబడుతుందని ఆయనకు చుట్టుపక్కల పేరు. జీపును చూడగానే లేచాడు.

“మిషనాయప్ప సున్నం యాడ యేస్తాడో యెయ్యనీ ఎర్రన్నా. ఆ తట్టే నడుస్తా నేను.”

మా మామ సంబరంగా నా వైపు తిరిగాడు. “చూడు పాపా, ఇద్దరూ ఒగే చోట చెప్తేనే యేపిస్తా. ముందర మూడుసార్లూ ఇద్దరిదీ ఒగే మాట!”

నేను మా ఆయన్ను చూశాను, ఆయన నన్ను చూశాడు. మూడు బోర్లకూ ఇద్దరూ ఒకే చోటు ఎందుకు చూపించారో మాకు ఒకేసారి తట్టింది. పెళ్లయ్యాక ఇద్దరికీ ఒకేసారి ఒకే ఆలోచన రావడం అదే మొదలు. నాకు గంతులేయాలనిపించింది గానీ కొత్తకోడలినని ఊరుకున్నాను.

“మామా, ఒగరి గుర్తు ఒగరికి తెలీకుండా చూపిద్దాం. అప్పుడు గూడా ఒగటే వస్తే కండ్లు మూసుకోని యేపించొచ్చు” అన్నాను.

“దానికేముంది!” అన్నాడు మామ. ఒకటే వస్తుందని ఆయనకు అంత నమ్మకం.

బాషాను ఇంట్లో కూర్చోబెట్టి ఉగ్గాని, బజ్జీ పెట్టాం. రామాంజులు నడిచాడు. టెంకాయ తోట తూర్పు మూలలో లేచింది. గుర్తు రాసుకొని, నేలను కాలితో చెరిపేశాను. తర్వాత రామాంజులును కూర్చోబెట్టి ఉగ్గాని పెట్టాం. బాషా ఇనుప కడ్డీలు పాతి, వైర్లు లాగి, పడమటి గట్టు చూపించాడు. ఒకదానికొకటి నూటయాభై గజాల దూరం.

మామ ముఖం వాడింది. రామాంజులు కళ్లకు నా చున్నీ కట్టి ఇంకోసారి నడిపించాం. ఈసారి టెంకాయ పశువుల తొట్టి దగ్గర లేచింది.

“పొద్దున్నుంచి నీళ్లు కదిల్నాయమ్మా” అన్నాడాయన, ఏ మాత్రం తడబడకుండా.

బాషా పకపకా నవ్వాడు. ఆయన్నూ రెండోసారి మిషన్ పెట్టమన్నాం. అది గట్టు వదిలి మధ్య సాలుకు వచ్చింది. “బ్యాటరీ దిగింది సార్” అన్నాడు. ఈసారి నవ్వడం రామాంజులు వంతు.

మా ఆయన మాత్రం పండగ చేసుకుంటున్నాడు. “చూసినావా నాయనా! టెంకాయ మనం కట్టుకున్న ఒగ ఊహ, మిషన్ ఇంగో ఊహ. భూమి తనంతట తాను ఏమీ చెప్పదు. మనం తప్పయితే ‘కాదు’ అంటాది, అంతే!”

“మూడుసార్లు అనింది గదరా!” మామ అరిచాడు. “ఇంగెన్నిసార్లు అనిపించుకోవాల? పొద్దున ఒగే పాయింటు వస్తాదని ధైర్యముండె. మీ సైన్సు వచ్చి నాలుగు పాయింట్లు చేసిపెట్టె!”

మామ తోటలోకి వెళ్లి ఒక చెట్టు కింద, మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. నా సంబరమంతా దిగిపోయింది. ఉన్న నమ్మకం నేనే చెరిపాను, దాని చోట పెట్టడానికి నా దగ్గర ఏమీ లేదు.

వంటింట్లోకి వెళ్లి అత్త పక్కన కూర్చున్నాను. “ఆ మూడుసార్లు భూమి కాదనిందే, అది తప్ప మన దగ్గర నిజమైంది ఏమీ లేదత్తా” అన్నాను ఏడుపు గొంతుతో.

“మూడేంది మ్మే, ఊరంతా యేసినారు. చుట్టూరా పదో పదైదో పోయింటాయి.”

నేను లేచి నిలబడ్డాను. “యాడాడ పోయినాయో ఎవురికి తెలుసు?”

మగవాళ్లను అడిగితే లాభం లేదని అరగంటలో తేలింది. ఎండిన బోరు సంగతి ఎవరూ ఒప్పుకోరు, నీళ్లు పడిన బోరు లోతు ఎవరూ చెప్పరు. ఆడవాళ్లకు మాత్రం అన్నీ గుర్తున్నాయి. ఎందుకంటే బోరు బండి వచ్చిన ప్రతిసారీ పనివాళ్లకు వండిపెట్టింది వాళ్లే.

వాకిట్లో ముగ్గుపిండితో పొలాలన్నీ గీశాను. వానకు పారే వంక, గట్లు, బాట, మా తోట. పుట్టింట్లో నేర్చుకున్న మెలికల ముగ్గులన్నీ ఇన్నాళ్లకు ఉద్యోగంలో చేరినట్టు నాకు భలే ముచ్చటేసింది. ఎండిన బోరుకు చింతగింజ, నీళ్లు పడినదానికి చీనీకాయ. పక్క పొలం వనజమ్మ వచ్చింది, ఆ పక్క పొలం జానీబీ వచ్చింది, తర్వాత పిలవకుండానే వీధంతా వచ్చింది.

“మాది గట్టు పక్కన పెట్టు. నాలుగు పూట్లు వండినా. దుమ్ము తప్ప ఏం రాల్యా” అంది వనజమ్మ. “రెండోది మీ గడ్డివాముకు అవతల. రెండో పూట సంగటి దింపుతాండా, నీళ్లొచ్చెనని అరిసినారు.”

“మాది గూడా రెండో పూటే” అంది జానీబీ. “కోడికూర పొయ్యి మీదనే వదిలేసి ఉరికితి. మాడిపాయ.”

చివరికి పదకొండు చింతగింజలు, మూడు చీనీకాయలు. మూడు కాయలూ వంక నుంచి ఏటవాలుగా ఒకే వరుసలో పడ్డాయి. ఆ వరుస మా తోట కొసను దాటుతున్న చోట ఇంతవరకూ ఎవరూ బోరు వేయలేదు. అక్కడ మా గడ్డివాము ఉంది.

మామ వచ్చి ముగ్గును చాలాసేపు చూశాడు. “దీన్ని నమ్మమంటావా పాపా?”

“నమ్మొద్దు మామా. ఎప్పుడు తప్పో ముందే చెప్తా. రెండో పూట సంగటి దిగేలోపల నీళ్లు పడల్యా, నా ముగ్గు తప్పు. నా చేత్తో నేనే చెరిపేస్తా.”

రామాంజులు, బాషా కూడా గడ్డివాము పక్కన చూస్తామన్నారు. టెంకాయ లేచింది, మిషన్ ముల్లు కూడా ఊగింది. “ముగ్గు చూసినారు గాబట్టి మీవి లెక్కకు రావన్నా” అన్నాను. ఇద్దరూ నొచ్చుకొని మళ్లీ ఉగ్గాని తిన్నారు.

వాము పీకడం మా ఆయన పని. సాయంత్రానికి తల నిండా గడ్డితో, తుమ్ముతూ, పిచ్చుక గూడులా తయారయ్యాడు. గడ్డిపోచలు ఒక్కొక్కటే ఏరడానికి నాకు గంట పట్టింది. ఇంకా ఉంటే బాగుండుననిపించింది.

మరునాడు పొద్దున్నే బోరు బండి వచ్చింది. కొత్త బండి, మెరిసిపోతోంది. బూడిదరంగు దుమ్ము తోటంతా కమ్మేసింది. మేం మొదటి పూట సంగటికి ఎసరు పెట్టామో లేదో, డ్రైవరు వచ్చాడు.

“నాలుగు వందల ఎనబై అడుగులయింది. ఇంగా దించాల్నా?”

దించే ప్రతి అడుగుకూ డబ్బే. ఈ లెక్కన రెండో పూట దిగేసరికి వెయ్యి దాటుతుంది. మామ నా వైపు చూశాడు.

మా ఆయన ఉన్నట్టుండి దుమ్ములోంచి అరిచాడు. “వర్షితా! బండి మారింది! పూట మారల్యా, బండి మారింది! ఇది పాతదానికంటే జోరు! మీ సంగటి కొలత పాత బండికి కుట్టింది!”

ఆయన పీహెచ్‌డీ అప్పటిదాకా నాకు కనుబొమ్మల ఆటే. ఆ నిమిషాన అది ఎందుకో తెలిసింది. జానీబీ దగ్గరికి పరుగెత్తాను. “పాత బండి రెండో పూట అంటే ఎన్నడుగులక్కా?”

“అడుగులు నాకేం తెలుసమ్మా! మోటరు చెడిపోయి పైకి లాగినప్పుడు పైపులు లెక్కపెట్టినా. ఇరవై ఏడు.”

ఒక్కో పైపు ఇరవై అడుగులు. ఐదువందల నలభై.

“ఆరు వందల దాకా దించుదాం మామా” అన్నాను. “ఆ తర్వాత ఒగడుగు గూడా వద్దు.”

ఐదువందల ఇరవై. దుమ్మే. ఐదువందల నలభై. దుమ్మే. మామ రెండు చేతుల్లో తల పెట్టుకున్నాడు. అత్త నా మణికట్టును ఎంత గట్టిగా పట్టుకుందంటే రెండు గాజులు చిట్లాయి. ఐదువందల అరవై. దుమ్ము రంగు మారింది. ముద్దలు ముద్దలుగా బురద చిమ్మింది. ఉన్నట్టుండి బండి గొంతు మారి, తెల్లగా, ఇంతెత్తున నీళ్లు లేచాయి.

మేమంతా అరిచాం. ఏమరిచామో ఎవరికీ గుర్తు లేదు.

“టెంకాయ లేయల్యా? నేను చెప్పల్యా?” రామాంజులు.

“రీడింగు చూపియ్యల్యా?” బాషా.

“వాము తీసిన చోటు చలవగా ఉంటాదని నాకు ముందే తెలుసు” అత్త.

నేనూ తల ఎగరేసి మా ఆయన దగ్గరికి పోయాను. “ఏం సారూ, ముగ్గు నిజమా కాదా?”

“నిజమని ఎవురన్నారు? ఈసారికి కాదనల్యా, అంతే. ఇంగో రెండు బోర్లు అదే వరుసలో యేసి చూడాల.”

దోసెడు బురద తీసి ఆయన అంగీ మీద కొట్టాను. ఆయన రెండు దోసిళ్లు తీశాడు. కాసేపటికి ఎవరు ఎవరో తెలియకుండా తడిసి, కొత్త కాలువ గట్టున ఒకరినొకరు ఆనుకొని కూర్చున్నాం. నీళ్లు మా పాదాల మీదుగా చల్లగా పోతున్నాయి.

మామ పార భుజాన వేసుకొని వచ్చాడు. మమ్మల్ని కాదు, మా వెనక మొదటి వరుస చీనీచెట్లను చూస్తున్నాడు.

“లెయ్యండప్పా, రోంత లెయ్యండి. నీళ్లకు అడ్డం కూసున్నారు.”