ఊటగూడెం ఎటు పోయింది?

ఊటగూడేన్ని మాయం చేసింది మీరు. అడవిలో ఏ ఇల్లు ఏ ఆరోగ్య కార్యకర్త కింద ఉండాలో ఇక కంప్యూటరే రాత్రికి రాత్రి సర్దుకుంటుందని చల్లటి గదిలో కూర్చుని చప్పట్లు కొట్టుకున్న పెద్దలారా, మీరే చేశారు. చేసేముందు ఆ ఊరి కార్యకర్త ముత్తక్కను అడగలేదు. చేశాక చెప్పనూ లేదు. ఆ పిచ్చితల్లి తన వేలే తప్పు చేసిందనుకుని అన్నం సయించక కుమిలిపోయింది. ఆమెకు ఆ రోజు ఎట్లా గడిచిందో వినండి. లేచి పోకుండా వినండి.

పొద్దున పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ముత్తక్క సెల్‌ఫోన్ అద్దాన్ని కొంగుతో రుద్దుతోంది. మసి అంటిన బొటనవేలిని చీరకు తుడిచి మళ్ళీ నొక్కింది. తెల్లటి తెర. అంతకుముందు అక్కడ ఊటగూడెం ఇళ్ళన్నీ వరసగా ఉండేవి, ఒక్కో ఇంటికీ ఒక్కో ఫోటో. కడుపుతో ఉన్న ఆడమనిషి పేరు పక్కన ఎర్ర చుక్క. ఆ చుక్క నొక్కితే ఆరోగ్య సంస్థవాళ్ళ జీపు కదిలి, ఊటగూడెం బాట రోడ్డును కలిసే మోదుగుల మలుపు దగ్గరికి వచ్చేది. వానాకాలం ఈ దిక్కుకు రాగలిగిన బండి అదొక్కటే. ఇప్పుడు ఇళ్ళు లేవు, ఫోటోలు లేవు, చుక్కా లేదు. "మీ గ్రూపులో సభ్యులు లేరు" అన్న ఒక్క ముక్క మాత్రం ఉంది.

"ఏం నొక్కి సచ్చిన్నో ఏమో" అని గొణిగింది.

మొన్న వాగు దాటుతుంటే ఫోన్ మీద నీళ్ళు చిందాయి. కంగారులో గట్టిగా రుద్దింది. అప్పుడే పోయిందని ఆమె నమ్మకం. ఊరు ఊరంతా తన బొటనవేలి కింద పడి తుడిచిపెట్టుకుపోయింది! ఎవరికి చెప్పుకుంటుంది? చెబితే పని పీకేస్తారు. అందుకే జ్వరమని చెప్పి గుడిసెలోనే ముడుచుకుని కూర్చుంది. ఆరోజు మాత్రం ఉండబట్టలేక సంచి భుజాన వేసుకుని బయలుదేరింది.

ముత్తక్కను ఒకసారి చూసినవాళ్ళు రెండోసారి చూడరు. ఎండుకట్టెలాంటి మనిషి. రెండు ముక్కుపుడకలు, మోచేతి దాకా వెలిసిపోయిన పచ్చబొట్లు, కుడికాలి చెప్పుకు పిన్నీసు. పోడు కొట్టింది, ఇప్పపూలు ఏరింది, తునికాకు కట్టలు కట్టింది. తొలికాన్పులో బిడ్డ అడ్డం తిరిగింది. బండి లేదు, బాట లేదు. బిడ్డ దక్కలేదు, మళ్ళీ కడుపు పండలేదు. పెనిమిటి పగిడయ్య కూడా పోయాక సంస్థవాళ్ళు ఊరికొచ్చి, సంతకం పెట్టగలిగే ఆడమనిషి ఎవరైనా ఉన్నారా అని అడిగితే చెయ్యెత్తింది. అంతే ఆమె చదువు. వైద్యమా, ఏమీ రాదు. బీపీ మిషన్ పెట్టి, ఎర్ర దీపం వెలిగితే ప్రమాదమని మాత్రం తెలుసు. బాగా వచ్చింది ఒక్కటే, భయపడడం. ఎవరికి కాస్త నలతగా ఉన్నా గుండె జారిపోయి బండిని పిలిచేది. డ్రైవర్లు విసుక్కునేవారు, ఊరు నవ్వేది. ఆ పిరికితనమే ఇన్నాళ్ళూ ఊటగూడెంలో తల్లులను బతికించింది. మీరు ఆ భయాన్ని ఊరి మీద నుంచి తీసి ఆమె మీదకే తిప్పారు.

ముత్తక్కను వరసపెట్టి అత్తా అని పిలిచే ఊరి పిల్ల శ్రావణి తన ఇంటి గుమ్మంలో కాళ్ళు చాపుకుని కూర్చుంది. పెళ్ళయి ఏడాది దాటిందో లేదో, ఇప్పుడు నెలలు నిండుతున్నాయి.

"ఏందత్తా, మొకమే సూపియ్యవైతివి? అలిగినవా?"

"జరమొచ్చె బిడ్డా" అంది ముత్తక్క, ఆమె కళ్ళలోకి చూడకుండా.

"గీ కాళ్ళు సూడు. ఏనుగును కట్టుకున్న అంటుండు మీ అల్లుడు."

పత్తి గింజలు మూట కడుతున్న ఆమె మొగుడు చిరంజీవి తలెత్తాడు. "ఏనుగైతే కట్టెలన్న మోస్తది అత్తా. ఇది నాతోటే నీళ్ళు మోపిస్తున్నది."

ముత్తక్క నవ్వబోయి ఆగింది. శ్రావణి కాలిమీద వేలితో అదిమితే గుంట పడింది. ఎంతసేపటికీ పూడలేదు.

"తలకాయ నొస్తున్నదా?"

"రాత్రి సంది పగులుతున్నది. కండ్ల ముందట మిణుగురులు తిరిగినట్టున్నది."

చేతికి పట్టీ చుట్టి మిషన్ నొక్కింది. ఎర్ర దీపం. మళ్ళీ నొక్కింది. మళ్ళీ ఎర్రదే.

"జీపును పిలుస్తవా అత్తా?" ఇప్పుడు శ్రావణి గొంతులో నవ్వు లేదు.

"అవ్ బిడ్డా. గిప్పుడే. నువ్వు పండుకో, లెవ్వకు."

ఊటగూడెంలో సిగ్నల్ రాదు. వాగు దాటి అవతలి ఊరు రాళ్లచెలక పొలిమేరలో నల్లబండ ఎక్కితేనే ఫోన్ పలుకుతుంది. చుట్టుపక్కల అడవి ఊళ్ళ కార్యకర్తలంతా ఇళ్ళు తిరిగి వివరాలు ఎక్కించుకుని, ఆ బండ మీదికొచ్చే పైకి పంపుతారు. ఎవరైనా మిరప ఏరడానికి మధిర దిక్కు వలసపోయినా, కొత్త కోడలు వచ్చినా, ముత్తక్క ఆ బండ మీద నుంచే మండల ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్ గణేష్‌కు చెప్పేది. అతను ఇక్కడి పేరు తీసి అక్కడ పెట్టేవాడు. మనిషి చెప్తే మనిషి మార్చేవాడు. అట్లా నడిచింది పని.

మోకాళ్ళ దాకా వాగులో దిగి, అవతల ఒడ్డెక్కి, బండ మీదకు పాకి గణేష్‌కు ఫోన్ చేసింది.

"సారూ, తప్పయింది. మా ఊరంత పోయింది. నేనే ఏదో నొక్కిన. పనిల నుంచి తీసెయ్‌రి గని ముందుగాల మా శ్రావణిని ఎక్కియ్‌రి."

అవతల గణేష్ కంప్యూటర్‌లో చూసి చెప్పాడు.

"ముత్తమ్మా, నువ్వేం నొక్కలే. ఇప్పుడంత ఆటోమేటిక్ చేసిన్రు. డేటా ఏడ నుంచి వస్తే మనుషులు ఆడనే ఉన్నట్టు లెక్క. మీరంత ఆ బండ మీది నుంచే పంపుతరు గద? అందర్నీ రాళ్లచెలకల కలిపి నాగలతమ్మ కింద పడేసింది. నీ గ్రూపుల ఎవ్వరు లేరని గ్రూపునే తీసేసింది."

"మల్ల మా ఊరు మాకు పెట్టున్రి సారూ."

"నా చేతిల లేదమ్మా. నేను మారిస్తే రాత్రికి అది మళ్ళ తిప్పేస్తది. పైకి రాసిన, జవాబు లేదు. నువ్వు జల్ది నాగలతమ్మ తాన్కి పో."

తప్పు తనది కాదని విన్నా ముత్తక్కకు ఊరట కలగలేదు. ఊరిని పట్టుకుపోయింది ఎవరో కూడా తెలియకపోతే ఎవరి కాళ్ళు పట్టుకోవాలి?

నాగలత రాళ్లచెలక కార్యకర్త. మధిర దిక్కు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం, రోడ్డు పక్కనే, సిగ్నల్ అందేచోటే ఇల్లు. ముత్తక్కను చూడగానే ఎదురొచ్చింది.

"మీ ఊళ్ళన్నీ నా ఫోన్లోకి వచ్చి పడ్డాయి ముత్తక్కా! ఎవరెవరో నాకేం తెలుసు? రేపు ఎవరికేమైనా అయితే నన్నంటారు. నాకూ నిద్ర పట్టట్లేదు."

"శ్రావణి ఉన్నదా సూడమ్మా. చుక్క నొక్కమ్మా, నీకు దండం పెడత."

నాగలత వెతికి నొక్కింది. "ఇదిగో, బండి బయలుదేరిందని వచ్చింది. నువ్వు పరిగెత్తు, పిల్లను తయారుచెయ్యి."

ముత్తక్క పరిగెత్తింది. బండి వస్తుంది. చుక్క నొక్కితే మోదుగుల మలుపుకే వస్తుంది, ఎప్పుడూ అక్కడికే వచ్చింది. ఫోన్లో శ్రావణి ఊరు రాళ్లచెలకగా మారితే బండి కూడా అక్కడికే పోతుందని ముత్తక్కకు ఎట్లా తెలుస్తుంది? పిల్లను ఇటే తీసుకొస్తుందని నాగలత అనుకుంది. ఇద్దరిదీ తప్పు కాదు.

చిరంజీవి, పక్కింటి పోతయ్య నులక మంచానికి నాలుగు మూలలా తాళ్ళు కట్టి పొడుగాటి వెదురు బొంగుకు వేలాడదీశారు. శ్రావణిని పడుకోబెట్టి భుజాలకెత్తుకున్నారు. బురదలో కాళ్ళు దిగబడుతుంటే పోతయ్య, "ఏనుగే పిల్లా, నిజంగ ఏనుగే" అన్నాడు, నవ్విద్దామని. శ్రావణి కళ్ళు తెరవకుండానే పెదవి కదిపింది.

మలుపు దగ్గర బండి లేదు.

వస్తుందిలే అనుకున్నారు. ముత్తక్క రోడ్డు మధ్యలో నిలబడి రెండు వైపులా చూసింది. జల్లు మొదలైంది. తన కొంగును శ్రావణి ముఖానికి అడ్డం పట్టింది. ఫోన్ తీసింది, సిగ్నల్ లేదు. అంతలో శ్రావణి ఫిట్స్ వచ్చి ఒళ్ళంతా బిగుసుకుని మంచం మీద కొట్టుకుంది. ముత్తక్క ఆమె తలను రెండు చేతులా ఒడిసిపట్టి, "చిరంజీవీ, రాళ్లచెలకకు ఉరుకు! బండి యాడున్నా గుంజుకరా!" అని అరిచింది.

బండి నాగలత ఇంటి ముందు చెట్టు కింద ఉంది. డ్రైవర్ ఎప్పుడో వచ్చాడు. అతని తెర మీద "పేషెంట్ ఊరు: రాళ్లచెలక" అని ఉంది. ఇంకా రాలేదేమిటని నాగలత వాగు వైపు చూస్తూ చేతులు నలుపుకుంటోంది.

జీపు మలుపు తిరిగేసరికి ముత్తక్క శ్రావణి చీర కుచ్చిళ్ళను పాదాల మీదకు సర్దుతోంది. జీపు చప్పుడుకు తలెత్తలేదు. శ్రావణికి ఊపిరి లేదు, కడుపులోని బిడ్డ కూడా కదలడం లేదు. చిరంజీవి దూకి పరిగెత్తుకొచ్చి, ముత్తక్క చేతులు చేస్తున్న పని చూసి, రోడ్డు మీదే ఆగిపోయాడు.

ఇక మీ వంతు. ఈ రాత్రికి ఆ యంత్రం మళ్ళీ నడవకముందే ఆపండి. ఊటగూడేన్ని ముత్తక్క కిందికి తిప్పి పంపండి, వాగు ఇవతలి ఊళ్ళన్నిటినీ వాటి కార్యకర్తలకు పంపండి. ఒక్క ఇంటిని కదపాలన్నా ఆ ఇంటి గడప తొక్కే మనిషిని ముందు అడగండి, ఆమె అవ్ అన్నాకే కదపండి. ఆ మాట కూడా ఆఫీసులో కూర్చుని కాదు, మోదుగుల మలుపుకు వచ్చి, చిరంజీవి ముఖం చూసి చెప్పండి. రోడ్డు పక్కన నులక మంచం కనిపిస్తుంది. బొంగు ఇంకా ఎవరూ విప్పలేదు. వానకు నానిన నులక నడిమికి కుంగి, మనిషి పడుకున్నట్టే ఉంది.