చొప్పదండి, తదితరులు

పన్నెండు గంటల పది నిమిషాలకు డాక్టర్ గజ్జెల జమున కొంప మునిగింది.

"మేడం, మీకు పదకొండే ఉన్నయి," అన్నాడు కాలేజీ క్లర్కు పరశురాములు, తప్పు తనదే అయినట్టు గొంతు తగ్గించి.

"పదకొండు వందలా?"

"ఉత్త పదకొండు మేడం. విద్యాధర్ సార్‌కు నూట నలభై."

కరీంనగర్‌లోని ఆ వైద్య కళాశాలలో ప్రొఫెసర్ కుర్చీ ఒక్కటే ఖాళీ, పోటీలో ఉన్నది జమున, విద్యాధర్. మూడింటికి ఇంటర్వ్యూ. పరశురాములు లెక్కపెట్టేవి సైటేషన్లు. ఒకరి పరిశోధన పత్రాన్ని లోకంలోని మిగతా పరిశోధకులు ఎన్నిసార్లు పేర్కొన్నారన్న లెక్క అది. వంద దాటకపోతే లోపలికే పిలవరు.

జమున తన పత్రాల జాబితా పైనుంచి కిందికి చదివింది. అన్నీ ఉన్నాయి, ఉండాల్సింది తప్ప. ఉట్నూర్ పత్రం లేదు! పద్నాలుగేళ్ల కిందట జీపులో గూడేలన్నీ తిరిగి, సికిల్‌సెల్ అనే రక్తపు జబ్బు పరీక్ష కోసం రక్తపు చుక్కను కాగితం మీద ఆరబెట్టి, ఐసు పెట్టె అవసరం లేకుండా పట్నం చేర్చే పద్ధతి కనిపెట్టి రాసిన పత్రం. ఎవరు మాయం చేశారు? పొద్దున విద్యాధర్ మరీ తియ్యగా ఆల్ ది బెస్ట్ చెప్పిన సంగతి గుర్తొచ్చింది.

"పేరుతో కాదు, పత్రం శీర్షికతో దేవులాడు."

దొరికింది. మూడు వందల పన్నెండు సైటేషన్లు! జపాన్‌లో, బ్రెజిల్‌లో, కెన్యాలో దాన్ని 'చొప్పదండి పద్ధతి' అని కూడా పిలుస్తున్నారు. ఎందుకంటే రచయిత పేరు దగ్గర ఉన్నది: జి.జె. చొప్పదండి.

"గీ చొప్పదండి ఎవలు మేడం? మీ ఊరోడా?"

"మా ఊరోడు కాదు పరశురాములూ, మా ఊరే!"

రెండు పేర్లూ ఒకరివేనని తేలాలంటే, పత్రం మీద అచ్చయిన ఈమెయిల్‌కు వచ్చే లింకు నొక్కాలి. ఆ ఈమెయిల్ చూడగానే జమునకు దొంగ దొరికాడు. చొప్పదండిలోని సాగర్ నెట్ సెంటర్. అప్పట్లో ఆమెకు కంప్యూటర్ లేదు. పత్రం పంపింది అక్కడి నుంచే.

స్కూటీ తీసింది. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోశారు. మిగిలిన సగం మీద లారీలు. ఆమె చేరేసరికి ఒంటిగంటన్నర.

నెట్ సెంటర్ ఇప్పుడు మొబైల్ దుకాణం. సాగర్‌కు పొట్ట వచ్చింది. పక్కన భార్య దీపిక జిరాక్సులు తీస్తోంది.

"సాగర్, ఆ ఫారంల లాస్ట్ నేమ్ కాడ చొప్పదండి అని ఎందుకు కొట్టినవ్?"

"లాస్టుకు రాసేది ఊరే గదక్కా!" అన్నాడు సాగర్ అమాయకంగా. "ముందుగాల ఇంటిపేరు, నడుమ మనిషి పేరు, లాస్టుకు ఊరు. పెండ్లికార్డు మీద గట్లనే ఉంటది."

తిట్టే టైం లేదు. "ఆ మెయిల్ తెరువు, జల్ది!"

సాగర్ కీబోర్డు తన వైపు తిప్పుకున్నాడు. భార్య వైపు ఓరగా చూస్తూ, చెయ్యి అడ్డం పెట్టుకుని కొట్టాడు. తప్పు. మళ్లీ కొట్టాడు. తప్పు. ఇంకొక్కసారి తప్పితే మెయిల్‌కు తాళం పడుతుందని తెర మీద ఎర్రక్షరాలు వచ్చాయి. సాగర్ నుదుటి మీద చెమటలు.

జిరాక్స్ మిషన్ దగ్గరి నుంచి దీపిక తల కూడా తిప్పలేదు. "మంజుల, వన్ ఫోర్ త్రీ. అన్నీ చిన్నక్షరాలు."

"నీకెట్ల తెలుసు?"

"ఇంట్ల వైఫైకి గూడ గదే పెడ్తివి గద, పిచ్చి మనిషీ! అక్క పనైనంక నీ సంగతి, ఆ మంజుల సంగతి సూస్త."

మెయిల్ తెరుచుకుంది. లింకు నొక్కగానే పదకొండు కాస్తా మూడు వందల ఇరవై మూడయింది. కింద మరో నలభై ఉత్తరాలు, అన్నీ చొప్పదండి దొరగారికే.

"ఇవన్నీ వచ్చినా చెప్పలేదేందిరా?"

"మీ పద్ధతి నేర్పుండ్రి, ఇమానం టికెట్ మేమిస్తం అని రాస్తుండ్రక్కా. ఊరికెవడన్న టికెట్ ఇస్తడా? లాటరీ దొంగలనుకున్న."

రెండూ యాభై అయిదుకు జమున కాలేజీ మెట్లెక్కింది, చీర కుచ్చిళ్లకు వడ్ల పొట్టుతో.

ఇంటర్వ్యూ కమిటీ పెద్ద శ్యాంసుందర్‌రావు కాగితం చూసి కళ్లద్దాలు తీశాడు. "ఇందాక పదకొండు, ఇప్పుడు మూడు వందల ఇరవై మూడా? గీ చొప్పదండి ఎవరమ్మా?"

"నేనే సార్." మెయిల్ కాపీలు, ఇంటర్వ్యూ కోసం తెచ్చుకున్న ఉట్నూర్ నోటు పుస్తకం బల్ల మీద పెట్టింది.

ఆయన ప్రతి పేజీ తిప్పాడు. తర్వాత తన సంచిలోంచి తానే రాసిన పుస్తకం తీసి, చివర తాను పేర్కొన్న పత్రాల జాబితా చూపించాడు. 'చొప్పదండి, తదితరులు' అన్నచోట కింద నాలుగు గీతలు.

"పదేండ్ల నుంచి నీ పద్ధతే పాఠం చెప్తున్న. ఎవరో మరాఠీ ముసలాయన అనుకున్న," అన్నాడు. "మన చొప్పదండి సంగతి మనకే తెల్వదు!"

అయిదింటికి పరశురాములు నవ్వు ఆపుకోలేక నియామకపు ఫారం పట్టుకొచ్చాడు. "ముబారక్ మేడం! జర పేరు చెప్పుండ్రి, నింపుత."

జమున అతని చేతిలోంచి పెన్ను లాక్కుంది.

"ఇటియ్యి. నేనే రాసుకుంట."