నేదా మొహం ఉన్న చోటు

ఊళ్ళో వీధులు ఎప్పుడో బోసిపోయాయి గానీ, దొన్కా కంప్యూటర్‌లో మాత్రం ఇసకేస్తే రాలనంత జనం. అందరూ పోయినవాళ్ళే. ఆ బల్గేరియా కొండల్లో మనిషి పోతే ఫొటోతో కాగితం అచ్చువేయించి తలుపుకీ, చెట్లకీ, బస్సు ఆగే చోట గోడకీ అంటిస్తారు. అక్కడితో తీరదు. నలభయ్యో రోజుకొకటి, ఆరు నెలలకొకటి, ఆపైన ఏటేటా ఒకటి. ఆ చుట్టుపక్కల చావుకాగితాలు వేసే కొట్టు దొన్కాదొక్కటే.

చలికాలం మొదట్లో హార్డ్ డిస్క్ నిండిపోయింది. అవతల ఇంట్లో శవం ఉంటుంది, కాగితం కోసం వచ్చినవాళ్ళు ఏడుస్తూ గుమ్మంలో నిలబడి ఉంటారు, ఇక్కడ కంప్యూటరేమో చోటు లేదని మొరాయిస్తుంది. దొన్కా ముందు తన పాటలు తీసేసింది. తర్వాత చెల్లెలి పెళ్ళి వీడియో తీసేసింది. అవన్నీ పోయినా నాలుగు రోజుల పనికి కూడా చాలినంత చోటు రాలేదు. చోటంతా తిన్నది స్కాన్ చేసిన పెద్ద ఫొటోలే. దాంతో కొన్నేళ్ళుగా ఎవరూ అడగడానికి రాని ఫొటోలను వరసపెట్టి డిలీట్ చేసింది. చెత్తబుట్ట కూడా ఖాళీ చేసింది. ఏటా వచ్చే మనిషి రావడం మానేశాడంటే ఆ మనిషీ పోయాడనే ఆ ఊళ్ళో లెక్క. నిజంగా పోయి ఉంటే ఆ కాగితం కూడా తన చేత్తోనే వేసి ఉండేదన్న సంగతి ఆమెకు తట్టలేదు. బుద్ధి గడ్డి తినడమంటే అదే.

మంచు కరిగాక మిన్చో తాత కర్ర పొడుచుకుంటూ కొట్లోకి వచ్చాడు. ఆయన్ని చూడగానే, తను తీసేసిన ఫొటోల్లో ఆయన భార్యదీ ఉందని దొన్కాకు గుర్తొచ్చింది. తుంటి విరిగి ఇన్నేళ్ళూ అవతలి లోయలో చెల్లెలింట్లో పడి ఉన్నానని చెప్పాడు. పోయిన భార్య నేదా పేరున పంచే ఉడికించిన గోధుమలు గ్లాసుడు బల్లమీద పెట్టాడు. తన ఇంటి తలుపు మీద నుంచి ఊడదీసిన పాత కాగితం జేబులోంచి తీసి విప్పాడు. నల్లటి అంచు ఉంది, పేరు ఉంది, మొహం ఉండాల్సిన చోటు ఎండకు వెలిసిపోయింది. అదే ఫొటో మళ్ళీ వేయమన్నాడు. చూపు ఆనడం లేదు, ఈసారి పెద్దగా వేయమన్నాడు.

లేదని తెలిసే దొన్కా వెతికింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు కంప్యూటర్లు బాగుచేసే మరిదికి ఫోన్ చేసింది. ఆ చోట్లో ఈపాటికి కొత్త ఫొటోలు వచ్చి కూర్చుని ఉంటాయి, ఆశ వదులుకోమన్నాడతను. కడకు ఆమె అసలు ఫొటో ఇంట్లో ఉందేమోనని తాతను అడిగింది.

“అదా? శవపేటికలో దాని పక్కనే పెట్టేశానమ్మా. నీ మెషీన్లో ఉందిగా, ఇంకెందుకని.”

అప్పుడు నిజం చెప్పేసింది. ముసలాయన తిట్టలేదు. తిట్టినా బావుండేది. టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, అక్కడే స్టూలు మీద కూలబడ్డాడు.

“పోన్లే. ఏటా కాగితం వేసేటప్పుడు నువ్వు చూసేదానివిగా. ఎలా ఉంటుందో చెప్పు. దాని గొంతు గుర్తుందమ్మా, మొహమే జారిపోతోంది. అందుకే ఇంత దూరం పడుతూ లేస్తూ వచ్చా.”

దొన్కా కళ్ళు మూసుకుని వెతుక్కుంది. ముసలమ్మలు, ముసలమ్మలు, ఒకరి మొహంలో ఇంకొకరు కలిసిపోయిన ముసలమ్మలు. అందులో నేదా ఎవరో తెలియలేదు. గుర్తులేదని చెప్పడానికి నోరు రాలేదు. ఆ ఊళ్ళో ముసలమ్మలందరూ ఎలా ఉంటారో అలాగే చెప్పింది.

“తలకి గుడ్డ కట్టుకుని ఉంటుంది తాతా. కొంచెం నవ్వుతున్నట్టు.”

“గుడ్డా? మా నేదా తలకి గుడ్డ కట్టేది కాదే. పొలంలో కూడా అంతే, మండుటెండలో కూడా. అందుకని మా అమ్మ చేత ఎన్ని తిట్లు తినేదో.”

ఆ కాసేపు దొన్కాకు తన మీద తనకే అసహ్యం వేసింది.

“ఏమోలే,” అన్నాడు ముసలాయన, తనకు తాను నచ్చచెప్పుకుంటున్నట్టు. “ఫొటో చూసినదానివి నువ్వు. నాది మతిమరుపు. కట్టుకునే ఉంటుంది.”

ఫొటో లేకుండానే కాగితం వేసి ఇచ్చింది. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, మళ్ళీ మరిచిపోతానేమోనన్న భయంతో, తలకి గుడ్డ, కొంచెం నవ్వు, తలకి గుడ్డ, కొంచెం నవ్వు అని నోట్లో అనుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయాడు.