తలుపు అవతలి ఓటు

బెరిల్ ఆష్‌వర్త్‌కి ఊరి చర్చి ఫాదరు, కానన్ బిరుదున్న లేథమ్ పొడ గిట్టదు. ఆయనకి ఆవిడ పేరు చెబితేనే తిన్నది అరగదు. ఇద్దరూ క్రాస్‌డేల్ ఊళ్ళోనే పుట్టారు, ఒకే కొండవాలు మీద పెరిగారు, మిల్లులు మూతబడ్డప్పుడు ఇద్దరి నాన్నలూ ఒకే వారంలో రోడ్డున పడ్డారు. ఇంత దగ్గరివాళ్ళు ద్వేషించుకుంటే దానికుండే రుచే వేరు. పరాయివాళ్ళ మధ్య అంత ఓపికైన పగ పెరగదు.

ఆ పగకి వేదిక ఒకటుంది. టౌన్ హాల్ మేడ మీది గదిలో బడి టర్ముకోసారి కూడే మత విద్యా సలహా మండలి. ఊరి బడుల్లో మతం గురించి ఏం చెబుతున్నారో, పొద్దున్నే పిల్లలందరినీ కూర్చోబెట్టి చేయించే ప్రార్థన ఎలా ఉందో చూసుకోవడం దాని పని. ఆ ప్రార్థన చాలావరకు క్రైస్తవ పద్ధతిలోనే ఉండాలని ఇంగ్లండ్ చట్టం. అది తమకి కుదరదనుకున్న బడి ఈ మండలి ముందు నిలబడి మినహాయింపు అడగాలి. అడిగి పుచ్చుకున్న మినహాయింపు కూడా శాశ్వతం కాదు, ఐదేళ్ళకోసారి మళ్ళీ వచ్చి అడగాల్సిందే.

మండలిలో నాలుగు జట్లు. ఇంగ్లండ్ చర్చి వాళ్ళది ఒకటి, తక్కిన చర్చిలూ తక్కిన మతాలూ అన్నీ కలిపి ఒకటి, టీచర్లది ఒకటి, కౌన్సిలర్లది ఒకటి. జట్టులో ఎంతమంది ఉన్నా జట్టుకి ఒక్క ఓటే. వాళ్ళలో వాళ్ళు గుసగుసలాడుకుని, కాళ్ళు తొక్కుకుని, చివరికి ఒక్క మాట మీదికి రావాలి. రాలేకపోతే ఆ ఓటు గాలికి పోయినట్టే. నీళ్ళ టీ, చెమ్మగిల్లిన బిస్కెట్లు, కిటికీకి కొట్టే వాన, ఈ మూడూ లేకుండా ఏ సమావేశమూ జరిగిన దాఖలా లేదు.

బెరిల్ మిల్ లేన్ ప్రాథమిక పాఠశాల హెడ్‌మిస్ట్రెస్. టీచర్ల జట్టులో సభ్యురాలు. ఆ రోజు ఆమె వచ్చింది తన బడి మినహాయింపు గడువు ఆ వారంతో ముగుస్తుంటే, మళ్ళీ అడగడానికి.

ఆ మినహాయింపు ఆమెకి ప్రాణం. ఆ బడిలో చేరిన కొత్తల్లో ఆమె చూసిన దృశ్యం ఇంకా కళ్ళల్లోనే ఉంది. పొద్దున్న గంట కొట్టగానే పిల్లలు రెండు వరసలయ్యేవారు. ఒక వరస ప్రార్థనకి హాల్లోకి. మసీదు వీధుల పిల్లల వరస, తల్లిదండ్రులు వద్దన్నారు కనక, భోజనాల గదిలోకి, రంగు పెన్సిళ్ళు చేత పట్టుకుని. పదింటికి ఆటకి వదిలితే ఆట స్థలం కూడా అలాగే రెండుగా చీలేది. గీత ఎవరూ గీయలేదు, పిల్లలకి ఎవరూ చెప్పనూ లేదు. బెరిల్ ఇంటింటికీ తిరిగింది, సమోసాలు తింది, మసీదు వాళ్ళతో పోట్లాడింది, చర్చి వాళ్ళతో ఇంకా పెద్ద పోట్లాట ఆడింది. చివరికి మినహాయింపు సంపాదించింది. ఇప్పుడు ఆ హాల్లో బడి మొత్తం ఒకే నేల మీద బాసిపట్టు వేసుక్కూర్చుంటుంది. ఒక కథ, ఒక కొవ్వొత్తి, కాసేపు మౌనం. ఎవరి దేవుణ్ణి వాళ్ళు తల్చుకోవచ్చు, ఎవరూ గుర్తు రాకపోతే మధ్యాహ్నం పెట్టే చేప వేపుణ్ణి తల్చుకోవచ్చు. అదీ ఆమె జీవితంలో ఆమె గర్వపడే పని, అదొక్కటే.

ఆ రోజు ఆమె లెక్క తేలిగ్గానే ఉంది. చర్చి ఓటు ఎలాగూ వ్యతిరేకం, అక్కడ కూర్చున్నది లేథమ్. కౌన్సిలర్లు ఇద్దరూ చెరో పార్టీ, వాళ్ళు ఏ విషయంలోనూ ఏకమయ్యే రకం కాదు, ఆ ఓటు లేనట్టే. ఇతర మతాల జట్టు తరఫున మసీదు నుంచి వచ్చే యాకూబ్ మీర్ తక్కినవాళ్ళని ఒప్పిస్తానన్నాడు. ఇక టీచర్ల ఓటు తన చేతిలోదే. రెండు అటు, ఒకటి ఇటు. జట్టులో రెండో టీచర్‌కి వాళ్ళ బడిలో ఆ రోజే తనిఖీ పడి రాలేకపోయినా, మూడో కుర్చీ ఏడాదిగా ఖాళీగా ఉన్నా, ఒక్కరుంటే చాలని ఆమె పట్టించుకోలేదు.

లేథమ్ పట్టించుకున్నాడు. ఆమె విషయం చర్చకి రాగానే గొంతు సవరించుకున్నాడు. చర్చి వెనక వరసకి కూడా వినబడే గొంతు ఆయనది, ఆ గొంతంటేనే ఆమెకి చిరాకు.

"అధ్యక్షా, చిన్న మాట. దరఖాస్తు పెట్టుకున్న బడి పెద్ద ఇక్కడే కూర్చుంది. మన నియమాల ప్రకారం, సొంత వ్యవహారం వచ్చినప్పుడు ఆ సభ్యులు గది బయట ఉండాలి. అంతేనా?"

అధ్యక్షుడు కౌన్సిలర్ టెరెన్స్ బూత్ మంచివాడు. అంటే ఎవరు ముందు అరిస్తే వాళ్ళ మాట వినేవాడు. నియమాల కాగితం తిరగేసి, తలెత్తకుండా, అలాగే ఉందండీ అన్నాడు.

ఆ నియమం అక్కడికెలా వచ్చిందో ఆ గదిలో అందరికీ తెలుసు. నాలుగేళ్ళ కిందట బడి పిల్లల్ని ఊళ్ళో పాత చర్చి చూపించడానికి తీసుకెళ్ళే పథకం ఒకటి లేథమ్ తెచ్చాడు. మంచి పథకమే. కానీ ఆ చర్చి ఆయనది. సొంత చర్చి సంగతిలో ఆయన ఓటేయడమేమిటని లేచింది బెరిల్. ఆ పూట చర్చి జట్టులో ఆయనొక్కడే ఉన్నాడు. ఆయన్ని బయటికి పంపారు, ఆయనతో పాటే ఆ జట్టు ఓటూ వెళ్ళిపోయింది, పథకం చచ్చింది. అంతటితో ఊరుకోక, ఇకముందు ఎవరికైనా ఇదే వర్తించాలని ఆ వాక్యాన్ని బెరిలే చెప్పి రాయించింది. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి వేడివేడిగా చిప్స్ తెప్పించుకుని తింది కూడా.

"అప్పటి సంగతి వేరు," అంది.

"ఏం వేరు? అప్పుడు బయట నిలబడింది నేను, అంతేగా తేడా?"

"ఇది మీ చర్చి గోడల గొడవ కాదు కానన్ గారూ. చిన్నపిల్లల సంగతి."

"అది కూడా పిల్లల సంగతే బెరిల్. తలుపు నువ్వు బిగించావు. నేను అందులోంచి నడిచి వెళ్ళాను, నోరెత్తలేదు. ఇప్పుడు నువ్వు నడు."

చిన్నప్పటి తర్వాత ఆయన ఆమెని నువ్వు అనడం అదే. వచ్చే సమావేశానికి వాయిదా వేయమని ఆమె అడిగింది. ఈలోగా గడువు దాటిపోతుందిగా, దాటితే చట్టం దారి చట్టానిదే కదా అని గుర్తు చేశాడు లేథమ్. బూత్ టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. బెరిల్ సంచీ తీసుకుని లేచింది. కోపంలో కుర్చీ తగిలి పడింది. దాన్ని ఎవరూ లేపలేదు.

బయట వరండాలో పాత మేయర్ల పటాల కింద నిలబడి ఉంటే లోపలి గొంతులు వినిపిస్తున్నాయి, మాటలు తెలియడం లేదు. నాలుగేళ్ళ కిందట లేథమ్ కూడా ఇక్కడే నిలబడ్డాడన్న ఆలోచన ఆమెకి వచ్చింది. రాగానే దాన్ని తరిమేసింది.

యాకూబ్ మీర్ బయటికొచ్చి చెప్పాడు. బొటాబొటీగా అయినా అతను తన జట్టుని ఒప్పించాడు. మెథడిస్టు చర్చి తరఫు ముసలమ్మ మొదట నసిగినా చివరికి సరేనంది. కౌన్సిలర్లు అనుకున్నట్టే చెరో దిక్కు లాగారు. ఒకటి అటు, ఒకటి ఇటు. సమంగా వస్తే మినహాయింపు లేనట్టే. టీచర్ల ఓటు ఉంటే గెలిచేవాళ్ళు. ఆ ఓటు వరండాలో నిలబడి ఉంది.

"ఏం ఫర్వాలేదు మేడమ్," అన్నాడు మీర్. అతనిది టాక్సీల వ్యాపారం, రోజంతా కోపాలు చూసి చూసి అలవాటైన మనిషి. "వేసవి సమావేశంలో మళ్ళీ పెడదాం. ఈసారి టీచర్ల జట్టులో ఇంకొకర్ని కూర్చోబెట్టుకోండి. అప్పటిదాకా వాళ్ళడిగినట్టే చేయించండి, పోయేదేముంది. మా వాళ్ళకి నేను చెప్తాను, పిల్లల్ని హాల్లోనే ఉంచండని. నాలుగు పాటలు వింటే మా పిల్లలేం కరిగిపోరు."

ఇంతకంటే మంచి మాట ఆమెకి ఆ సాయంత్రం ఎవరూ చెప్పలేదు. వింటే సరిపోయేది. కానీ అప్పుడే తలుపు తెరుచుకుని లేథమ్ గొడుగు చేత పట్టుకుని వచ్చాడు. వచ్చే సోమవారం నుంచి ప్రార్థన నడిపించడానికి ఎవరూ దొరక్కపోతే తానే వస్తానని, మిల్ లేన్‌లో తన మనవరాలు ఎల్సీ కూడా చదువుతోంది కనక తనకి సంతోషమేనని, ఎంతో మర్యాదగా అన్నాడు. ఆ మర్యాదకే ఆమె ఒళ్ళు కుతకుత ఉడికిపోయింది.

"రండి," అంది. "తప్పకుండా రండి. మీ పాటలు ఎవరు వింటారో చూద్దాం."

ఆయన మెట్లు దిగాక మీర్ ఆమె ముఖం చూసి, ఏం చేయబోతున్నారని అడిగాడు. పిల్లల్ని ప్రార్థనకి పంపకుండా ఆపుకునే హక్కు తల్లిదండ్రులకుంది, ఆ సంగతి వాళ్ళకి గుర్తుచేస్తానంది.

"అది వద్దు మేడమ్. ఆ హాల్లోకి వాళ్ళని తెచ్చింది మీరు. ఆయన మీద కసితో మళ్ళీ మీరే బయటికి తోలతారా?"

"నీకు తెలీదులే యాకూబ్. ఆయన ఖాళీ నేలకి పాటలు పాడుకోవాలి. అది నా కళ్ళతో చూడాలి."

మీర్ కారు తాళాలు జేబులోంచి తీసి, మళ్ళీ జేబులోనే వేసుకుని, వానలోకి వెళ్ళిపోయాడు.

మిగిలిన వారమంతా పొద్దున్నే బడి గేటు దగ్గర నిలబడింది బెరిల్. పిల్లల్ని దింపడానికి వచ్చిన ప్రతి తల్లినీ ఆపింది. బలవంతమేమీ లేదంది, మీ ఇష్టమంది, కాకపోతే చర్చి ఫాదరు గారు వచ్చి క్రీస్తు పాటలు పాడిస్తారట, మీకు తెలియాలి కదా అంది. ఆ గొంతులో ఉన్నది తల్లులకి అర్థమైంది. చాలామందికి ఆమె మీద గురి. తమ పిల్లలు అక్షరాలు దిద్దింది ఆమె చేతి కిందే, కొందరైతే తాము దిద్దిందీ ఆమె దగ్గరే. మిస్ చెప్పిందంటే ఏదో కారణం ఉండే ఉంటుందనుకున్నారు. పంపబోమని ఒకరి వెనక ఒకరు ఆఫీసులో చెప్పి పోయారు. ఉప ప్రధానోపాధ్యాయురాలు షాజియా ఆ పేర్లు రాసుకుంటూ, మీరు చేస్తున్నది మీకు తెలుస్తోందా అని ఒకసారి అడిగింది. బెరిల్ వినిపించుకోలేదు.

సోమవారం లేథమ్ వచ్చాడు. బూట్లకి మెరుగు పెట్టుకుని, తెల్ల కాలరు బిగించుకుని, చంకలో పాటల పుస్తకాలతో హాలు మధ్యలో నిలబడ్డాడు. గంట మోగింది. షాజియా వరండాలో పేర్లు పిలిచింది. ఆ బడిలో మళ్ళీ రెండు వరసలయ్యాయి.

హాల్లోకి వెళ్ళినవాళ్ళు ముందు రెండు వరసలకి కూడా చాలలేదు. వాళ్ళ వెనక నున్నగా తుడిచిన నేలంతా బోసిగా ఉంది. లేథమ్ ఆ నేలని చూశాడు, తర్వాత తలుపు దగ్గర నిలబడ్డ బెరిల్‌ని చూశాడు. ఆయన ముఖంలో రక్తం లేదు. ఆయన ముసలివాడైపోయాడని ఆమెకి మొదటిసారి అనిపించింది. ఆమె కోరుకున్నది సరిగ్గా అదే. కడుపు నిండా చూసింది. హాయిగా ఉంది, ఆ మాట దాచుకోవడం దేనికి.

ఇంతలో ఆమె వెనక ఎవరో ముక్కు ఎగబీలుస్తున్నారు. తిరిగి చూస్తే వరండాలో ఎల్సీ, హుమైరా. లేథమ్ మనవరాలు ఒకతె, టాక్సీల మీర్ అన్న కూతురు ఒకతె. పలకా బలపంలా ఎప్పుడూ కలిసే ఉంటారు. రెండు చేతులూ ముడేసుకుని, అటు వెళ్ళే వరసకీ ఇటు వెళ్ళే వరసకీ అడ్డంగా నిలబడిపోయారు.

"ఎల్సీ, నువ్వు లోపలికమ్మా," అంది బెరిల్. "మీ తాతయ్య చూస్తున్నారు. హుమైరా, నువ్వు భోజనాల గదిలోకి."

ఎల్సీ కదల్లేదు. "అదేం తప్పు చేసింది మిస్?" అంది.

"ఏం తప్పూ చేయలేదు."

"మరి నేను చేశానా?"

బెరిల్ వంగి, ఇది తప్పొప్పుల సంగతి కాదని, పెద్దవాళ్ళు నిర్ణయించిన సంగతని, హుమైరా వాళ్ళమ్మ వద్దన్నదని చెప్పబోయింది. చివరి మాట వినగానే హుమైరా తలెత్తింది. ఆరేళ్ళ పిల్ల, ముందు పళ్ళు ఊడిపోయాయి.

"మా అమ్మ వద్దనలేదు మిస్. అమ్మ ముందు నన్ను ఎల్సీతోనే కూచోమంది. గేటు కాడ మీరే వద్దన్నారంట కదా."

వంగిన బెరిల్ నడుం ఎత్తి నిలబడింది. వరసలోంచి షాజియా వచ్చి ఆ రెండు చేతుల్నీ మెల్లిగా విడదీసింది. ఎల్సీ హాల్లోకి వెళ్ళి వెనకెక్కడో ఒంటరిగా కూర్చుంది. హుమైరా రంగు పెన్సిళ్ళ వైపు నడిచింది.

లోపల లేథమ్ పాట ఎత్తుకున్నాడు. ఆ పెద్ద గొంతు వరండా దాటి భోజనాల గది దాకా వస్తోంది. పంపవద్దన్న పిల్లల చెవిన ఆ పాట పడకూడదు. మధ్య తలుపు మూయాలి. షాజియా రెండు చేతులా పిల్లల్ని పట్టుకుని ఉంది, చేతులు ఖాళీగా లేవు. బెరిలే వెళ్ళి మూసింది.